అమ్మ కూర్చున్న సిరీస్

క్రికెట్ మీద నాకు కోపం లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఈ సంగతి ఎవరికి చెప్పినా చివర్లో "ఆడవాళ్ళకి ఆట అర్థం కాదులే" అనడానికి ఒకరు తయారవుతారు. నాకు ఆట అర్థమవుతుంది. మా నాన్నకన్నా బాగానే అర్థమవుతుంది. స్లిప్‌లో ముగ్గుర్ని ఎందుకు నిలబెట్టారో, కొత్త బంతి ఎందుకు తీసుకోకుండా ఆగారో చెప్పగలను. నా కోపమల్లా ఆ చలికాలం మా ముందుగదిలో టీవీ ముందు కూర్చున్న ముగ్గురు మగవాళ్ళ మీద. ఇన్నేళ్ళయినా అది చల్లారలేదు. చల్లార్చుకోవాలని కూడా నాకు లేదు.

మాది టైలరింగ్ షాపు. షాపూ ఇల్లూ ఒకటే. వీధివైపు గదిలో నాన్న కటింగ్ బల్ల, రెండు మిషన్లు, ఓ మూల ఇస్త్రీ బల్ల, గోడకి ఎత్తుగా టీవీ. నాన్న కొలతలు తీసి గుడ్డ కత్తిరించేవాడు, నేను మిషన్ మీద కుట్టేదాన్ని, బాబాయి ఇస్త్రీ చేసి మడతలు పెట్టేవాడు. కాజాలు, గుండీలు, చేతికుట్లు అమ్మవి. అమ్మ వెనకగదిలో కిటికీ దగ్గర కూర్చుని పని చేసుకునేది. ముందుగదిలోకి వచ్చినా కుట్టిన షర్టులు బల్ల మీద పెట్టి వెళ్ళిపోవడమే. దారం ఏ రంగని అడిగితే నాన్న తలెత్తకుండా జవాబు చెప్పేవాడు. ఆ గదిలో అమ్మకి కుర్చీ ఉండాలన్న ఆలోచన ఎవరికీ ఎప్పుడూ రాలేదు.

ఆ ఏడాది ఇండియాకీ ఆస్ట్రేలియాకీ టెస్టు సిరీస్ జరిగింది. మొదటి టెస్టు ఆఖరి రోజున మనవాళ్ళ పని అయిపోయిందనే అనుకున్నాం. వికెట్లు టపటపా రాలిపోతున్నాయి. నాన్న మెడలో టేపు రెండు చేతులతో లాగి పట్టుకుని, కనబడ్డవాణ్ణల్లా తిడుతున్నాడు. సరిగ్గా అప్పుడే వెనకగదిలో బల్బు పోయింది. అమ్మ ఓ షర్టు, సూదిదారం పట్టుకుని వచ్చి, వెలుతురు కోసం గుమ్మం పక్కనున్న స్టూల్ మీద కూర్చుంది.

క్రీజులో ఉన్న ఇద్దరూ పాతుకుపోయారు. అమ్మ కాజా తీయడం మొదలుపెట్టింది మొదలు ఆ షర్టుకున్న గుండీలన్నీ కుట్టేదాకా ఒక్క వికెట్ పడలేదు. పని ముగించి లేచింది. లేచిన బంతికే ఒకడు బౌల్డయ్యాడు.

"వదినా! కూర్చో కూర్చో, కదలకు!" అని అరిచాడు బాబాయి.

ఏ పురుగో పాకిందనుకుని అమ్మ హడలిపోయి కూర్చుంది. ఆ తర్వాత వచ్చిన చివరి జంట ఆట ముగిసేదాకా నిలబడింది. మ్యాచ్ డ్రా అయింది. పక్కనే మందులషాపు నడిపే ఆయన ఆట జరిగినన్నాళ్ళూ మా దగ్గరే మకాం. కస్టమర్లు ఆయన్ని వెతుక్కుంటూ మా గుమ్మంలోకి వచ్చేవాళ్ళు. ఆ సాయంత్రం ఆయన లేచి అమ్మకి రెండు చేతులూ జోడించి, "మ్యాచ్ కాపాడింది వాళ్ళు కాదు, మా అక్కయ్య" అన్నాడు. ముగ్గురూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతాలకి అన్నారనుకున్నాను మరి.

రెండో టెస్టు నాటికి ఆ స్టూల్ మీద మెత్త వచ్చింది. దాంతోపాటు నియమాలూ వచ్చాయి. మనవాళ్ళు బ్యాటింగ్ చేస్తున్నంతసేపూ అమ్మ లేవకూడదు. ఓవర్ మధ్యలో అసలే లేవకూడదు. ఆస్ట్రేలియా బ్యాటింగ్‌కి వస్తే వెళ్ళి వంట చేసుకోవచ్చు. అంటే ఎవడో ఆస్ట్రేలియావాడు ప్యాడ్లు కట్టుకుంటేగానీ మా ఇంట్లో పొయ్యి వెలగదన్నమాట. మగవాళ్ళకీ నియమాలున్నాయి, లేవని అనను. బాబాయి చల్లారిన ఇస్త్రీపెట్టె చేత్తో పట్టుకుని కూర్చునేవాడు. మందులషాపాయన కుడికాలి చెప్పు విప్పేసేవాడు. నాన్న కత్తెర నోరు తెరిచి పెట్టేవాడు. వాళ్ళ నమ్మకాలు చెప్పుతో, కత్తెరతో సరిపోయాయి. అమ్మ వంతుకి వచ్చేసరికి మనిషినే స్టూల్ మీద కూలేశారు.

నన్ను ఇంకా మండించేదేమిటంటే, అమ్మకి అది నచ్చింది. పొద్దున్నే తల దువ్వుకుని, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని వచ్చి కూర్చునేది. నాన్న టీ తెప్పిస్తే మొదటి కప్పు అమ్మకే. "ఏమంటావు, వీడు నిలబడతాడా?" అని అడిగేవాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాన్న అమ్మని ఏమంటావని అడగడం నేను వినలేదు. అమ్మ కూడా విని ఉండదు. టీవీ వైపు తీక్షణంగా చూసి, "నిలబడేలాగే ఉన్నాడండీ" అనేది, అక్కడికేదో తను పెంచిన పిల్లాడైనట్టు.

ఆట నేర్చుకుంటానని నా ప్రాణం తీసేది.

"ఆ టోపీ పెట్టుకున్నాయన ఎవరి తరఫే?"

"అంపైర్ అమ్మా. ఎవరి తరఫూ కాదు."

"ఎవరి తరఫూ కానివాణ్ణి రోజంతా ఎండలో నిలబెడతారేం పాపం? కూర్చోనివ్వచ్చుగా?"

"నీ వంతుకి కూర్చోవడం వచ్చింది, ఆయన వంతుకి నిలబడడం వచ్చింది" అన్నాను. అమ్మకి నవ్వాగలేదు. నవ్వితే కదులుతోందని బాబాయి గదమాయించాడు.

ఆ రెండో టెస్టు మధ్యలోనే అమ్మ కుడికంట్లో నల్ల చుక్కలు తేలడం మొదలైంది. దోమలనుకుని ఒకటే చేత్తో తోలుకునేది. ఆ తర్వాత కన్ను మూసుకున్నా మెరుపులు కనిపిస్తున్నాయంది. మందులషాపాయన తన షాపులోంచి చుక్కలమందు తెచ్చి, "అలసటక్కయ్యా, ఇది వేస్తే తగ్గిపోతుంది" అన్నాడు. మర్నాడు నేనే అమ్మని లేవదీసి కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళాను. మనవాళ్ళు బ్యాటింగ్ చేస్తున్నారని నాన్న రాలేదు.

డాక్టరమ్మ చాలాసేపు చూసింది. కంటి వెనకుండే పొర ఒకచోట చిరిగిందని చెప్పి, అప్పటికప్పుడు లేజర్‌తో అతికించింది. ఆ తర్వాత నన్ను కూడా కూర్చోబెట్టి చెప్పింది. "కొన్నాళ్ళు బరువులెత్తొద్దు. తల వంచి కుట్టుపని చెయ్యొద్దు. కుదుపులొద్దు. ఇవన్నీ ఒక ఎత్తు. కంటికి పక్కనుంచి నల్లటి తెర అడ్డం వచ్చినట్టు కనబడితే మాత్రం, అంచున కొంచెం కనబడినా సరే, ఉన్నపళంగా వచ్చెయ్యాలి. తెర మధ్యదాకా రాకముందే వస్తే చూపు కాపాడగలం. మధ్య దాటాక వస్తే నేను మాటివ్వలేను."

ఇంటికొచ్చేసరికి మనవాళ్ళు ఓడిపోయి ఉన్నారు. గదిలో ముగ్గురూ తలలు వేలాడేసుకుని కూర్చున్నారు. అమ్మ కంటి మీద కట్టు చూసి కూడా బాబాయి నోట ముందు వచ్చిన మాట, "నువ్విలా వెళ్ళావు వదినా, అలా నలుగురు పోయారు" అని. అమ్మ ఏదో నేరం చేసినదానిలా తల దించుకుంది. తల దించొద్దని డాక్టరు చెప్పి ఇంకా గంటన్నా కాలేదు.

డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు ఆ ముగ్గురికీ చెప్పాను. తెర సంగతి రెండుసార్లు చెప్పాను. నాన్న శ్రద్ధగానే విన్నాడు. విని ఏం ఏరుకున్నాడో తెలుసా? "చూశావా, కుదుపుల్లేకుండా కూర్చోమంది. మనం ముందునుంచీ చేయిస్తున్నదీ అదే."

"కుదుపులొద్దంది నాన్నా. స్టూల్‌కి అతికించమనలేదు."

"అతికించడానికి మేమేమైనా కట్టేశామా? తనే కూర్చుంటోంది."

"అమ్మ కూర్చుంటే పరుగులొస్తాయని అంత నమ్మకముంటే, ఆ సెలెక్టర్లకి చెప్పి అమ్మనే టీములోకి తీసుకోమనండి. ప్యాడ్లు నేను కుట్టిపెడతాను."

ముగ్గురూ పగలబడి నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకా ఏదో అనబోతుంటే అమ్మే అడ్డుపడింది. "పోనీలేవే. కుట్టుపని ఎలాగూ చెయ్యకూడదాయె. వెనకగదిలో ఊరికే కూర్చునే బదులు ఇక్కడ కూర్చుంటే ఏం పోయింది? నలుగురితో పాటు ఉంటాను."

ఆ నలుగురితో పాటు ఉండడం కోసమే అమ్మ దేనికైనా ఒప్పుకుంటుందని నాకు అప్పుడు అర్థమైంది. అదే నాన్నకి ముందునుంచీ తెలుసు. నాకు కోపం రావడానికి అంతకన్నా ఇంకేం కావాలి?

మూడో టెస్టు గెలిస్తే సిరీస్ సమమవుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, సిరీస్ గెలవడానికి కాదు, సమం కావడానికి. ఆఖరి రోజు మనవాళ్ళకి పెద్ద లక్ష్యమే ఉంది, చేతిలో వికెట్లూ ఉన్నాయి. పొద్దున ఆట మొదలయ్యేసరికి అమ్మ స్టూల్ మీద కూర్చుంది, కంటికట్టు తీసేశారు, కళ్ళు బాగానే ఉన్నాయంది. ఊరికి ఆ చివరున్న స్కూలుకి ఆ రోజే యూనిఫాంలు అప్పగించాలి. మూటలు ట్యాక్సీలో వేసుకుని నేను బయల్దేరాను. వెళ్ళేముందు నాన్నకి మళ్ళీ చెప్పాను, "తెర అంటే మాత్రం ఆలస్యం చెయ్యకు నాన్నా."

"నాకు చెవుడనుకున్నావా?" అన్నాడు.

స్కూల్లో పొట్టిపిల్లలకి చేతులు పొడుగొచ్చాయని, పొడుగుపిల్లలకి పొట్టొచ్చాయని ఒకటే రభస. అక్కడే కూర్చుని కొన్నింటికి అంచులు మడిచి కుట్టి వచ్చేసరికి సాయంత్రం ఎండ పసుపురంగుకి తిరిగింది. మా వీధి మొగలోకి రాగానే మా షాపులోంచి కేకలు వినిపించాయి. ఆట మంచి పట్టుమీద ఉందని నాకూ హుషారు వచ్చింది. గబగబా గుమ్మం ఎక్కాను.

గదిలో ఎవరూ నావైపు తిరగలేదు. ఇంకా నలభై పైచిలుకు పరుగులు కావాలి, మూడు వికెట్లు ఉన్నాయి. అమ్మ అరచేత్తో ఎడమకన్ను మూసుకుని, తల ఓసారి అటూ ఓసారి ఇటూ తిప్పుతూ టీవీ వైపు చూస్తోంది. ఎడమకన్ను బాగున్న కన్ను. దాన్నెందుకు మూసుకుందో నాకు చప్పున తెలిసిపోయింది. కుడికన్నుతో ఎంత కనబడుతోందో కొలుచుకుంటోంది.

"అమ్మా, ఏమైంది?"

"ఏం లేదే. ఇటుపక్క నల్లగా ఉంది. టీవీ సగమే కనబడుతోంది."

"ఎప్పట్నుంచి?"

అమ్మ నాన్న వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "లంచ్ ముందునుంచి. అప్పుడు మూల కొంచెమే ఉంది."

"చెప్పలేదా వీళ్ళకి?"

"చెప్పాను. ఈ జంట విడిపోతే వెళ్దామన్నారు. విడిపోయాక టీ దాకా చూద్దామన్నారు. ఆయనేమో చుక్కలు వేశారు." మందులషాపాయన్ని చూపించింది. ఆయన ఒంటిచెప్పుతో, టీవీ మీదనుంచి చూపు తిప్పకుండా, "మంచి చుక్కలేనమ్మా" అన్నాడు.

నేను నాన్న ముందుకెళ్ళి టీవీకి అడ్డంగా నిలబడ్డాను.

"తప్పుకో" అన్నాడు.

"డాక్టరు ఏం చెప్పింది నాన్నా?"

"తెలుసు. నేను కాదన్నానా? ఇంకెంత, నలభై పరుగులు. అవ్వగానే నేనే తీసుకెళ్తాను. పొద్దుటినుంచీ ఆగింది, ఇంకో గంట ఆగలేదా?"

ఆ మాటకి నేను ఏమనేదాన్నో నాకే తెలియదు. అంతకుముందే అమ్మ లేచింది.

ఎవరి మీదా అరవలేదు. మెత్త సర్ది, ఒడిలో పడ్డ దారప్పోగు దులుపుకుని, గోడ పట్టుకుని నిలబడింది. "పద" అంది నాతో. ముగ్గురి మధ్యలోంచే నడిచింది. కుడి భుజం ఇస్త్రీ బల్ల కొసకి గట్టిగా కొట్టుకుంది. అక్కడ బల్ల ఉందని ఇన్నేళ్ళుగా తెలిసిన మనిషి.

"వదినా, ఓవర్ అవనీ" అన్నాడు బాబాయి నెమ్మదిగా.

మేం గుమ్మం దిగుతుండగా మా వెనక ముగ్గురూ అయ్యో అన్నారు. వికెట్ పడింది. నేను వెనక్కి తిరిగి చూశాను. ముగ్గురూ టీవీని చూడడం లేదు. అమ్మని చూస్తున్నారు. తిట్టినా బాగుండేది. ఏదో వాళ్ళ సొమ్ము అమ్మ చేజార్చి పగలగొట్టినట్టు చూశారు. కట్టుకున్నవాడూ అలాగే చూశాడు.

"చూశావా?" అన్నాడు నాన్న.

"చూశాను" అన్నాను.

బాబాయికి మనసొప్పలేదేమో, వీధిలోకి పరిగెత్తుకొచ్చి ట్యాక్సీ ఆపాడు. అమ్మని జాగ్రత్తగా ఎక్కించి, తలుపు వేసి, "వెనకే వస్తాం వదినా" అన్నాడు. ట్యాక్సీ కదలకముందే మళ్ళీ లోపలికి పరిగెత్తాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఎప్పుడు మొదలైందని అడిగింది.

"లంచ్ ముందండీ" అంది అమ్మ.

"మీరు భోజనం ఎన్నింటికి చేశారు?"

"మా భోజనం కాదండీ. వాళ్ళ లంచ్."

డాక్టరమ్మకి అర్థం కాక నావైపు చూసింది. నేను చెప్పాను. ఆవిడ అమ్మ గడ్డం కింద పరికరం సర్ది, దీపం వేసి, చాలాసేపు చూసి, కుర్చీ వెనక్కి జరుపుకుంది. మధ్యాహ్నం వచ్చి ఉంటే మధ్యభాగం చెక్కుచెదరకుండా ఉండేదంది. ఇప్పుడు తెర మధ్య దాటేసింది. పొద్దున్నే ఆపరేషన్ చేస్తాం, మిగిలింది నిలబెడతాం, పోయింది తిరిగొస్తుందని ఆశపడొద్దంది.

ఆపరేషన్ అయింది. పొర అతుక్కుంది. కానీ ఆ కంటికి వెలుతురు తెలుస్తుంది, మనిషి ఆకారం తెలుస్తుంది, మొహం తెలియదు. రెండో కన్ను మీద బరువు వెయ్యొద్దన్నారు కాబట్టి అమ్మ మళ్ళీ సూది చేత్తో పట్టలేదు. కాజాలు నా పనిలోకి వచ్చాయి. నేను ఎంత తంటాలు పడినా అమ్మ కాజాల్లా కుదరవు, గుండీ దూర్చేటప్పుడు పీచు లేస్తుంది. అమ్మ ఇప్పుడు నా దగ్గర ఉంటుంది. ఆ షాపు మెట్లు ఎక్కడం మేమిద్దరం మానేశాం. పెద్ద తగువేమీ జరగలేదు, సామాను ఎవరూ వీధిలోకి విసరలేదు. ఆస్పత్రినుంచి వచ్చాక అమ్మ నా గదిలో పడుకుంది, నేను వేరే షాపులో కుట్టుపని చూసుకున్నప్పుడు నాతో వచ్చేసింది, అంతే. ఎవరైనా అడిగితే నాన్న, "కూతురంటే ప్రాణం దానికి" అని చెప్తాడట.

ఇవన్నీ తర్వాతి సంగతులు. నాకు ఇవేవీ కావు, ఆ సాయంత్రం ఆస్పత్రి వరండానే గుర్తుంటుంది.

రక్తపరీక్షకి పిలుస్తారని మేం బెంచీ మీద కూర్చున్నాం. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఉంది. అటు చివర తలుపు తోసుకుని నాన్న వచ్చాడు. మెడలో టేపు అలాగే ఉంది. ఒగర్చుకుంటూ దాదాపు పరిగెత్తుతూ వస్తున్నాడు. ఆ రావడం చూసి, ఎంత చెడ్డా మనిషి కదా, భయపడ్డాడు కదా అనుకున్నాను. నా కోపం ఒక్క క్షణం నిజంగానే తగ్గింది. లేచి జరిగి, అమ్మ పక్కన చోటిచ్చాను.

నాన్న కూర్చోలేదు. అమ్మ ముందు నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, మొహం నిండా వెలుగుతో అన్నాడు.

"గెలిచాం! నువ్వు లేవగానే ఒకడు పోయాడు, ఇంకొకడూ పోయాడు, నా గుండె ఆగిపోయిందనుకో. అయినా ఆఖరి జంట లాగేశారు! గెలిచాం!"

వరండాలో పోయే నర్సు ఒకావిడ తిరిగి చూసింది. అమ్మ తల కొంచెం పక్కకి తిప్పి, కనబడే కంటితో నాన్న మొహాన్ని పూర్తిగా పట్టుకుని చూసింది. గొంతులో కోపమేమీ లేదు. ఆట గురించి తెలియనిది అడిగి తెలుసుకునేటప్పటి గొంతే అది.

"అయితే నేను లేచినా గెలిచేవాళ్ళేనన్నమాట" అంది.

నాన్న చేతులు కిందికి దిగాయి. టేపు కొస పట్టుకుని అలా నిలబడిపోయాడు. లోపల్నుంచి అమ్మని పిలిచారు. నేను లేవదీసి తీసుకెళ్ళాను.